పడని తిండి ఉన్న పిల్లలకు స్కూల్ లంచ్ బాక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

నర్సరీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలున్న హైదరాబాద్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి. ఏ పదార్థం మానాలో తేల్చాల్సింది డాక్టరు. ఆ మాట తెలిసిన తర్వాత పొద్దున్నే వంటింట్లో ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

పాలు తాగితే పాపకు కడుపు ఉబ్బరిస్తుంది. అది అలర్జీయేనా?

కాకపోవచ్చు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోతే ఉబ్బరం, గ్యాసు, విరేచనాలు వస్తాయి. ఇబ్బందే కానీ ప్రాణం మీదికి రాదు. అలాంటి పిల్లలు చాలామంది కొద్దిగా పెరుగు తట్టుకుంటారు. అలర్జీ పాలలోని ప్రోటీన్ మీద శరీరం తిరగబడటం. దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతి, దగ్గు, పిల్లికూతలు తిన్న నిమిషాల్లోనే మొదలవుతాయి, ఎక్కువలో ఎక్కువ 2 గంటల్లోపు. దీనికి చెంచాడు పెరుగు కూడా ఎక్కువే.

రెండింటికీ డబ్బా సర్దే పద్ధతి వేరు కాబట్టి ముందు ఏదో తేల్చుకోవాలి. చర్మం మీద చేసే ప్రిక్ పరీక్ష, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్ష సాయపడతాయి. అయితే పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, తిన్నప్పుడు ఏం జరిగిందన్న చరిత్రతో కలిపి చూడాలి. వంద పదార్థాల పేర్లు వరసగా ఇచ్చే ఐజీజీ (ఇది వేరే రకం ప్రతిరక్షకం) పరీక్షలు ఈ పనికి రావు. ఆ జాబితా పట్టుకుని పాలు, గోధుమ, గుడ్డు, పప్పు అన్నీ మానిపిస్తే పిల్ల బరువు తగ్గడం తప్ప ఒరిగేది లేదు.

మన వంటల్లో ఏది ఎక్కడ దాక్కుని ఉంటుంది?

పులిహోరలో, అటుకుల ఉప్మాలో, సగ్గుబియ్యం కిచిడీలో పల్లీలు కంటికి కనిపిస్తాయి. కనిపిస్తున్నాయి కదా అని ఏరేసి పెడితే సరిపోదు. పల్లీ వేగిన నూనె అన్నానికంతా పట్టి ఉంటుంది. కనిపించని చోట్లతో ఇంకా చిక్కు. గుత్తివంకాయ, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ మూడింటి గ్రేవీకీ పల్లీలు, నువ్వులు, కొబ్బరి కలిపిన ముద్దే ఆధారం. బీరకాయ పచ్చడి, దొండకాయ పచ్చడి రుబ్బేటప్పుడు గుప్పెడు పల్లీలు వేయడం చాలా ఇళ్లలో అలవాటు. వేపుడు దించే ముందు పైన చల్లే పొడి, సర్వపిండి, ఇడ్లీ కారం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నువ్వులు మన దగ్గర పండగలతో వస్తాయి. సంక్రాంతికి సకినాలు, అరిసెలు, నువ్వుల లడ్డూలు. బతుకమ్మకు సత్తుపిండి. ఏడాదిలో మిగతా రోజులు జాగ్రత్తగా ఉండే ఇళ్లలో కూడా ఆ వారాల్లో చుట్టాలు పంపిన డబ్బాలు స్నాక్స్ బాక్సులోకి జారిపోతాయి.

జీడిపప్పు పడకపోతే పిస్తా కూడా పడకపోవడం మామూలే, రెండింటి ప్రోటీన్లు దగ్గర చుట్టాలు. డాక్టరు విడిగా చెప్పేదాకా రెండూ ఆపండి. పనీర్ కూర, కుర్మా, కోఫ్తా గ్రేవీ తెల్లగా చిక్కగా ఉందంటే జీడిపప్పు ముద్ద పడిందనే అనుకోవాలి.

పాలు అనగానే పెరుగన్నం గుర్తొస్తుంది గానీ ఇడ్లీ మీద వేసే నెయ్యి, పుల్కాకు రాసే వెన్న, బ్రెడ్డు, ఉస్మానియా బిస్కెట్లు, మసాలా చల్లిన చిప్స్ మనసుకు రావు. నెయ్యి ఎంత కాచినా పాల ప్రోటీన్ ఆనవాళ్లు మిగులుతాయి. మేకపాలు, గేదెపాలు ప్రత్యామ్నాయం కావు, ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి అవీ పడవు.

గోధుమ విషయంలో మనవాళ్లు తరచూ దెబ్బతినేది ఇంగువ దగ్గర. బజారులో దొరికే ఇంగువ పొడిలో అసలు ఇంగువ కొంచెమే, మిగతాది గోధుమపిండో మైదానో బియ్యప్పిండో జిగురో. డబ్బా వెనక చదివితే తెలుస్తుంది. రాగి సేమియా పేరుకే రాగి, చాలా ప్యాకెట్లలో గోధుమ కలుస్తుంది. రాగి బిస్కెట్లదీ అదే కథ. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. మామూలు ఇడ్లీ సరే, రవ్వ ఇడ్లీ వద్దు. సోయా సాస్‌లో కూడా గోధుమ ఉంటుంది.

సోయా అంటే మీల్ మేకర్ ఒక్కటే కాదు, మల్టీగ్రెయిన్ ఆటాల్లో చాలావాటిలో సోయాపిండి ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లు టమాటా పచ్చడిలో, గోంగూరలో కలిపే ఎండురొయ్యల పొడిని చూసుకోవాలి.

ప్యాకెట్ మీద ఏ వరస చదవాలి?

పదార్థాల జాబితా అయిపోయాక దాని కిందో పక్కనో అలర్జీ సమాచారం ఉంటుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం విడిగా చెప్పాల్సినవి ఇవి: గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్) ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్న సల్ఫైట్ (నిల్వ కోసం కలిపేది).

ఈ జాబితాలో నువ్వులు లేవు. ఆవాలు, శనగపప్పు కూడా లేవు. కాబట్టి నువ్వులు పడని పిల్లకు అలర్జీ వరస ఖాళీగా ఉందని ప్యాకెట్ తీసుకోకూడదు, పదార్థాల జాబితా మొత్తం చదవాల్సిందే. ‘మసాలాలు’ అని ఒక్క మాటతో సరిపెట్టిన ప్యాకెట్‌ను షాపులోనే వదిలేయడం మేలు.

ఆకుపచ్చ చుక్క గురించి చాలామందికి సందేహం ఉంటుంది. మన దేశంలో గుడ్డు మాంసాహారం కింద లెక్క. అందుకే ఆ చుక్క ఉంటే కావాలని వేసిన గుడ్డు లేదని అర్థం. పాలు, పల్లీలు, గోధుమ సంగతి అది చెప్పదు. అదే ఫ్యాక్టరీలో గుడ్డు బిస్కెట్లు కూడా చేస్తున్నారా అన్నదీ చెప్పదు.

‘ఉండవచ్చు’ అని రాసిన హెచ్చరికను కంపెనీ తన జాగ్రత్త కోసం రాసుకుందిలే అని కొట్టిపారేయకండి. మీ పిల్లకు తీవ్రమైన రియాక్షన్ వచ్చిన చరిత్ర ఉంటే అలాంటి ప్యాకెట్ బడికి పంపొద్దు. తెలిసిన బ్రాండే అయినా కొన్న ప్రతిసారీ చదవండి. అదే బిస్కెట్ చిన్న ప్యాకెట్‌కీ పెద్ద ప్యాకెట్‌కీ ఫ్యాక్టరీ వేరు కావచ్చు.

కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చేవి వాడొచ్చా?

పల్లీలు, నువ్వులు, జీడిపప్పు పడనివాళ్లు వాడకపోవడమే మంచిది. తోడే డబ్బా ఒక్కటే పల్లీల బస్తాలోంచి పుట్నాల బస్తాలోకి, అక్కణ్నుంచి అటుకుల్లోకి వెళ్తుంది. బేగంబజార్‌లో అయినా వీధి చివర కొట్టయినా పద్ధతి ఇదే. అటుకులు, మరమరాలు, పుట్నాలు, ఎండుకొబ్బరి సీలు వేసిన ప్యాకెట్లే కొనండి.

గిర్ని సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. మీ జొన్నలు పోసే ముందు అదే రాళ్ల మధ్య ఎవరివో గోధుమలు నలిగి ఉంటాయి. ముందు రెండు గుప్పెళ్లు ఆడించి పారేస్తే శుభ్రమైపోతుందని గిర్ని అతను అంటాడు, కానీ రాళ్ల గాడుల్లో, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచిలో పిండి మిగులుతూనే ఉంటుంది. గోధుమ పడని పిల్లకు జొన్నపిండి, బియ్యప్పిండి సీలు ప్యాకెట్లలో, అదీ గ్లూటెన్ లేదని రాసినవి కొనాలి. లేకపోతే ఇంట్లో విడి జారులో ఆడించుకోవాలి.

గానుగ నూనె ఈ మధ్య ప్రతి కాలనీలో దొరుకుతోంది. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో ఉంటుంది. పైగా కొట్టులో ఒకే గానుగలో పొద్దున పల్లీలు, మధ్యాహ్నం నువ్వులు, సాయంత్రం కొబ్బరి ఆడిస్తే కొబ్బరి నూనె కూడా నమ్మదగినది కాదు. డబ్బాకు రిఫైండ్ పొద్దుతిరుగుడు నూనె చాలు.

ఇంట్లో అందరూ పల్లీ చట్నీ తింటారు. ఒక్కరి కోసం అందరూ మానాలా?

మానకుండానే నెట్టుకురావచ్చు, కానీ క్రమం తప్పకూడదు. పొద్దున స్టవ్ వెలిగించగానే మొదట వండేది, మొదట డబ్బాలోకి ఎక్కేది పడని పిల్ల తిండి. మూత పెట్టి, బ్యాగులో వేసేశాకే మిగతావాళ్ల చట్నీకి మిక్సీ తిప్పాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం ప్రమాదం పోతుంది. అత్తగారు ఒకవైపు, మీరు ఒకవైపు వంట చేసే ఇల్లయితే ఈ వరస ఇద్దరికీ తెలిసి ఉండాలి. వంటమనిషికీ చెప్పాలి. ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో రాసి అంటించండి.

విడిగా పెట్టుకోవాల్సినవి ఎక్కువేం లేవు. ఒక మిక్సీ జారు మూతతో సహా, ఒక పోపు గరిట, ఒక చిన్న బాణలి, ఒక చెక్క అట్లకాడ. జారు ఎందుకు విడిగా అంటే, బ్లేడు కింది ఇరుసు దగ్గరా మూత చుట్టూ ఉన్న రబ్బరు కిందా పల్లీ ముద్ద ఇరుక్కుంటుంది. సబ్బునీళ్లు పోసి తిప్పినా అది కదలదు. చెక్క వస్తువులు తేమతో పాటు తిండినీ పీల్చుకుంటాయి. అట్ల పెనం ఇనుపదైతే ఏళ్ల తరబడి నూనె పట్టి ఉంటుంది, దాన్ని సబ్బుతో తోమే అలవాటు మనకు లేదు. అందుకని పిల్ల దోసెలకు ఇంకో పెనం ఉంచండి.

పోపుల డబ్బా ఒకసారి తెరిచి దగ్గరగా చూడండి. ఏడు గిన్నెలు, ఒకే చెంచా. మూత గట్టిగా మూసినప్పుడల్లా గింజలు ఎగిరి పక్క గిన్నెలో పడతాయి, జీలకర్రలో రెండు నువ్వులు కనిపించడం వింతేం కాదు. నువ్వులు పడని ఇంట్లో ఆ డబ్బాలో నువ్వుల గిన్నె ఉండకూడదు. గోధుమ పడని ఇంట్లో ఇంగువ అందులో పెట్టొద్దు. నెయ్యి గిన్నె, ఊరగాయ జాడీ, పెరుగు గిన్నె విషయంలో కూడా చట్నీ తిన్న చెంచానే ముంచడం వల్ల వచ్చే చిక్కు ఇదే.

గారెలు, పకోడీలు, రొయ్యల వేపుడు వేయించిన నూనెను మళ్లీ పోపుకు వాడటం ఆపేయాలి. వడకట్టినా ప్రోటీన్ నూనెలోనే ఉంటుంది, మరిగిస్తే పోదు.

ఎలాంటి డబ్బా కొనాలి? ఎలా కడగాలి?

స్టీలుది. ప్లాస్టిక్ మీద గీతలు పడి వాటిలో జిడ్డు నిలుస్తుంది. మూతకు తాళంలా పట్టుకునే క్లిప్పులుంటే, ఐదేళ్ల పిల్ల తన చేత్తో తీయగలదో లేదో కొనేముందే చూడండి. తీయలేకపోతే పక్క పాపో ఆయమ్మో తీస్తుంది, వాళ్ల చేతికి ఏం అంటి ఉందో మనకు తెలియదు.

కడిగేటప్పుడు ముఖ్యమైనది మూత లోపలి సిలికాన్ రింగు. రోజూ దాన్ని టూత్‌పిక్‌తో లేపి బయటికి తీయాలి. గాడిలో నల్లటి జిడ్డు గీత కనిపిస్తే ఇన్నాళ్లూ తీయలేదన్నమాట. రింగును, గాడిని వేడినీళ్లు, సబ్బుతో పాత టూత్ బ్రష్ పెట్టి రుద్ది, పారే నీటి కింద కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. ఇంట్లో అందరి డబ్బాలూ తోమే పీచు దీనికి వాడొద్దు. రింగులు వదులైతే మూతతో పాటు మార్చేయండి.

డబ్బా మీద పేరు, తరగతి, ఏం పడదో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించండి. నీళ్ల సీసా మీద కూడా. పిల్లలు తిండి కంటే సీసాలే ఎక్కువ మార్చుకుంటారు.

ఏడింటికి పెట్టిన అన్నం పన్నెండున్నరకు బాగుంటుందా?

వండిన తిండి 5 నుంచి 60 డిగ్రీల మధ్య 2 గంటలకు మించి ఉండకూడదన్నది మామూలు సూత్రం. మే నెల హైదరాబాద్ ఎండలో అది ఇంకా తగ్గుతుంది. పడని తిండి గురించి ఇంత జాగ్రత్త పడి చివరికి పాచిపోయిన అన్నం తిని వాంతి చేసుకుంటే, అది అలర్జీయా కాదా అని టీచరు కంగారు పడాల్సి వస్తుంది.

వేడిగా పంపాలంటే ఫ్లాస్కు డబ్బా వాడండి. మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి 10 నిమిషాలు ఉంచాలి. నీళ్లు పారబోసి, పొగలు కక్కుతున్న పప్పన్నమో కిచిడీయో అంచుదాకా నింపి వెంటనే బిగించాలి. సగం నింపితే ఖాళీ జాగా త్వరగా చల్లారుస్తుంది. చల్లటి ఫ్లాస్కులో గోరువెచ్చటి అన్నం పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని, సరిగ్గా సూక్ష్మజీవులకు నచ్చే వేడిలో ఐదు గంటలు ఉంచినట్టవుతుంది. కొన్న కొత్తలో ఒక సెలవురోజు ఏడింటికి నింపి, పన్నెండున్నరకు తెరిచి వంటింటి థర్మామీటరు పెట్టి చూడండి. 60 దాటి ఉంటే ఆ ఫ్లాస్కు పనికొస్తుంది.

రాత్రి మిగిలి బయట ఉండిపోయిన అన్నంతో పొద్దున పులిహోర కలపొద్దు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

పల్లీలు, జీడిపప్పు లేకుండా పులిహోర ఎలా?

కరకరలాడేది ఏదో ఒకటి తగలకపోతే పిల్లలు తినరు, అందుకని పల్లీలు తీసేసి ఊరుకుంటే కుదరదు. ఒక పిల్లకు సరిపడే కొలత: అప్పుడే వండి పళ్లెంలో ఆరబెట్టిన అన్నం 1 కప్పు, రిఫైండ్ నూనె ఒకటిన్నర టీస్పూన్లు, ఆవాలు పావు టీస్పూను, మినప్పప్పు 1 టీస్పూను, గుమ్మడి గింజల పప్పు 1 టేబుల్ స్పూను, ఒక ఎండుమిర్చి, కరివేపాకు, పసుపు చిటికెడు, ఉప్పు, అరచెక్క నిమ్మరసం.

నూనె కాగాక మినప్పప్పు ముందు వేసి గోధుమరంగు రానివ్వాలి. తర్వాత గుమ్మడి గింజలు. అవి ఉబ్బి చిటపటమన్న వెంటనే మిగతావి వేసి స్టవ్ ఆపేయాలి. పది సెకన్లు ఎక్కువైతే గింజలు చేదెక్కుతాయి. నిమ్మరసం మంట మీద ఉండగా పోస్తే అన్నం చేదవుతుంది, దించాకే కలపండి. ఎండుమిర్చి డబ్బాలో పెట్టేముందు తీసేయండి. గుమ్మడి గింజలు కూడా సీలు ప్యాకెట్‌వే, ‘గింజలు ఉండవచ్చు’ అన్న హెచ్చరిక లేనివే తీసుకోవాలి. ఈ గింజలు పిల్ల ఇంతకుముందు తినకపోతే మొదటిసారి బడికి పంపకండి. ఇంట్లో, సెలవురోజు పొద్దున, కొంచెం పెట్టి చూడండి. డబ్బాలోకి ఏ కొత్త పదార్థం వెళ్లినా ఇదే పద్ధతి.

పల్లీల బదులు పుట్నాలు పెట్టొచ్చు కదా?

పల్లీ కూడా నిజానికి పప్పు జాతిదే. అయినా పల్లీలు పడనివాళ్లలో ఎక్కువమంది కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు హాయిగా తింటారు. కొందరికి శనగలు విడిగా పడకపోవచ్చు, మన దేశంలో అది అంత అరుదు కాదు. డాక్టరు సరేనంటే పుట్నాల చట్నీ, పుట్నాల పొడి మంచి ప్రత్యామ్నాయాలు. కొబ్బరి కూడా జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పడుతుంది, అడిగి మొదలుపెట్టండి.

పాలు, పెరుగు మానేస్తే ఎముకలు బలహీనపడవా?

చూసుకోకపోతే పడతాయి. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సిఫార్సు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 30 గ్రాముల రాగిపిండితో చేసిన రెండు చిన్న దోసెల్లో దాదాపు 110. అందులో ఒంటికి పట్టేది కొంతే. రాగులు నానబెట్టి మొలకెత్తిస్తే కాస్త ఎక్కువ పడుతుంది. కాబట్టి లంచ్ బాక్స్ ఒక్కదానితో ఈ లెక్క తీరదు, కాల్షియం కలిపిన సోయా పాలో మందో అవసరమా అని డాక్టరును అడగాల్సిందే.

పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదనే పిల్లలకు కొబ్బరిపాలతో వండిన అన్నం కొంత సర్దుతుంది. దానిలో ప్రోటీన్ మాత్రం నామమాత్రం, పక్కన పెసరపప్పు కూర ఉండాలి.

గోధుమ పడని పాపకు చపాతీ బదులు?

ఇడ్లీ, బియ్యప్పిండి రొట్టె, పెసరట్టు, జొన్నరొట్టె. జొన్నరొట్టె మధ్యాహ్నానికి అట్టలా బిగుసుకుపోతుంది. మరిగే నీళ్లతో పిండి కలిపి, కాల్చిన వెంటనే గుడ్డలో చుట్టి పెడితే కొంత మెత్తగా ఉంటుంది. చిన్న ముక్కలు చేసి పప్పులో నానబెట్టి పంపితే నాలుగేళ్ల పిల్లలు కూడా తింటారు.

గుడ్డు పడదు కానీ కేకు తింటే ఏమీ కాలేదు. కేకు పంపొచ్చా?

గుడ్డు పడని పిల్లల్లో చాలామంది ఎక్కువసేపు బేక్ చేసిన గుడ్డును తట్టుకుంటారు, నిజమే. కానీ ఆ సంగతి డాక్టరు కళ్లముందు తేలాలి. ఈరోజు బేకరీ కేకు బాగా ఉడికింది, రేపటి కప్ కేకు మధ్యలో పచ్చిగా ఉండొచ్చు.

కర్రీ పాయింట్ కూర, టిఫిన్ సెంటర్ ఇడ్లీ?

ఇడ్లీ వరకు ఫర్వాలేదనిపిస్తుంది, చట్నీ దగ్గర ఆగండి. మన సెంటర్లలో కొబ్బరి చట్నీ అని పోసేదాంట్లో పల్లీలు, పుట్నాలు కలవడం సాధారణం. ఇడ్లీ మీద నెయ్యి, కారప్పొడి అడగకుండానే వేస్తారు. కర్రీ పాయింట్లో ఒకే గరిట నాలుగు గిన్నెల్లో తిరుగుతుంది, గ్రేవీలో ఏం రుబ్బారో కౌంటరు మీద ఉన్న కుర్రాడికి తెలియదు. లంచ్ బాక్సుకు అక్కణ్నుంచి ఏదీ వద్దు.

స్కూల్‌కు ఏం చెప్పాలి?

నోటిమాటగా చెప్తే టీచరు మారిన రోజున పోతుంది. ఒక పేజీ కాగితం ఇవ్వండి: పిల్ల ఫొటో, పడని పదార్థాలు, అవి ఉండే తిళ్ల పేర్లు, మొదటి లక్షణాలు, ఏ మందు ఎంత, ఎవరికి ఫోను చేయాలి, డాక్టరు సంతకం. ‘నట్స్’ అని రాయకండి. ఆయమ్మకు అర్థమయ్యేలా ‘పల్లీలు, పల్లీ పట్టి, పల్లీ చట్నీ’ అని రాయండి. ఒక కాపీ క్లాసులో, ఒకటి ఆఫీసులో, ఒకటి బస్సులో. బస్సులో బిస్కెట్లు పంచుకోవడం క్లాసులో కంటే ఎక్కువ, చూసేవాళ్లు తక్కువ.

తినే చోట పిల్లను ఒంటరిగా మూలన కూర్చోబెట్టమని అడగొద్దు. వరస చివర, పడని తిండి తెచ్చుకోని ఇద్దరు స్నేహితుల పక్కన, టీచరుకు దగ్గరగా కూర్చోబెడితే చాలు. డబ్బా కింద వేసుకునే చిన్న గుడ్డ ఒకటి రోజూ ఉతికింది పంపండి, బల్ల మీద ఏం ఒలికి ఉన్నా దానికి తగలదు.

పుట్టినరోజు చాక్లెట్ల కోసం, మీరు చూసి కొన్న స్వీట్లు ఒక డబ్బాలో వేసి టీచరు దగ్గర ఉంచండి. ఎవరైనా పంచినప్పుడు పాపకు అందులోంచి ఒకటి ఇస్తారు. సంక్రాంతి ముందు, బతుకమ్మ ముందు ఆ డబ్బా నిండుగా ఉందో లేదో అడగండి. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం తినే పిల్లకు గుడ్డు పడకపోతే, గుడ్డు తీసేసి అదే పళ్లెం ఇవ్వకుండా వేరే పళ్లెంలో వడ్డించమని వంటవాళ్లకు ఎదురుగా చెప్పండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి మూడూ ఉంటాయని చెల్లెలో తమ్ముడో ఉన్న ఇళ్లు గుర్తుంచుకోవాలి.

తినేముందు శానిటైజర్ రాస్తే చాలా?

చాలదు. శానిటైజర్ క్రిములను చంపుతుంది కానీ పల్లీ ప్రోటీన్‌ను చేతి మీదే ఉంచుతుంది. సబ్బు, నీళ్లు కావాలి. కుదరకపోతే తడి వైప్స్ నయం. తినే ముందు పడని పిల్ల, తిన్న తర్వాత మిగతా పిల్లలు కడుక్కోవాలి. రెండోదే చాలా బడుల్లో జరగదు.

ఇంత చేసినా రియాక్షన్ వస్తే?

ఒక్కచోట దద్దుర్లు, మూతి చుట్టూ ఎరుపు మాత్రమే ఉంటే డాక్టరు రాసిచ్చిన యాంటీహిస్టమిన్ (దద్దుర్లు, దురద తగ్గించే మందు) ఇచ్చి పక్కనే కూర్చుని గమనించాలి. గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, నాలుక వాపు, ఒళ్లు పాలిపోయి వాలిపోవడం, లేదా దద్దుర్లతో పాటు మళ్లీ మళ్లీ వాంతులు కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే అలర్జీ. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండరంలోకి. సిరప్ పట్టి చూద్దామని ఆగకూడదు, యాంటీహిస్టమిన్ ఊపిరి ఆడకపోవడాన్ని ఆపలేదు.

మోతాదు లెక్క కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. 15 కిలోల పిల్లకు 0.15 మిల్లీగ్రాము. పిల్ల బరువు పెరుగుతుంది కాబట్టి కాగితం మీది అంకెను ఆరు నెలలకోసారి డాక్టరుతో మార్పించండి. పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టర్ మన మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు. అందుకే చాలామంది డాక్టర్లు ఆంపూల్ (మందున్న చిన్న గాజు సీసా), సిరంజితో ఎలా ఇవ్వాలో తల్లిదండ్రులకు నేర్పిస్తారు. బడిలో అది ఎవరు ఇస్తారు, ఎవరు నేర్చుకున్నారు అన్నది అడ్మిషన్ రోజునే తేల్చుకోవాలి. మందు వెలుతురు, వేడి తగలకుండా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఎండలో ఆపిన బస్సులో, కారులో అస్సలు వదలొద్దు.

ఇంజెక్షన్ ఇచ్చాక 108కు ఫోన్. పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. బాగానే ఉందని లేపి నడిపించకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. 5 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో డోసు. తేరుకున్నా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచుతారు, లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి. ఆ రోజు లంచ్ బాక్స్ కడగకండి. మిగిలిన తిండి, ప్యాకెట్ కాగితాలతో సహా డాక్టరుకు చూపిస్తే ఏది దోషమో పట్టుకోవడం సులువు.

అక్కకు పల్లీలు పడవు. ఏడు నెలల తమ్ముడికి కూడా పెట్టకూడదా?

తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న శిశువులకు 4 నుంచి 11 నెలల మధ్యే పల్లీలు మొదలుపెడితే అలర్జీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని 2015లో వచ్చిన లీప్ అధ్యయనం చూపించింది. కాబట్టి ఊరికే ఆపొద్దు, డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మెత్తటి పొడిగానో పల్చటి ముద్దగానో పెట్టాలి. గింజలుగా ఐదేళ్లలోపు ఎవరికీ ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. అక్క బడికి వెళ్లాక, విడి గిన్నెలో పెట్టి, తినిపించిన చేయి, బిడ్డ మూతి, కుర్చీ సబ్బునీళ్లతో తుడవండి.

పెద్దయ్యాక తగ్గుతుందా?

పాలు, గుడ్డు, గోధుమ అలర్జీలు చాలామందికి బడి వయసులో తగ్గుముఖం పడతాయి. పల్లీలది దాదాపు ఐదుగురిలో ఒకరికి. జీడిపప్పు, రొయ్యలది ఇంకా మొండి. ఏడాదికోసారి పరీక్ష చేయించి, అంకెలు తగ్గితే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. అందులో నెగ్గిన తర్వాత ఆ పదార్థం వారంలో ఎన్నిసార్లు, ఎంత తినాలో కూడా డాక్టరే చెప్తారు, ఇంట్లో అలా పెడుతూనే ఉండాలి. బడిలో ఇచ్చిన కాగితం మార్చి, టీచరు దగ్గరున్న పాత కాపీ వెనక్కి తీసుకునేదాకా డబ్బాలోకి మాత్రం ఏమీ మార్చొద్దు.